గంపలో ఊరి మాట

జగదల్‌పూర్ ఆసుపత్రిలో పడుకున్న ఒక మనిషి బతుకు, కోంటాలో నేను కాపలా కాసే ఒక సర్వరు ఒక్క పూట పడిపోకుండా నిలబడడం మీద ఆధారపడి ఉందని ఆ సంత రోజు దాకా నాకు తెలియదు. తెలిశాక ఆ పెట్టెను చూసే నా చూపే మారిపోయింది. ఇప్పటికీ దాని ఫ్యాను చప్పుడు వింటే చేతిలో పని ఆపి ఆలకిస్తాను.

మాకు కోంటా బజారులో బట్టల కొట్టు ఉంది. తాతల కాలంలో గోదావరి ఒడ్డు నుంచి వచ్చి ఇక్కడ పాతుకుపోయాం. ఇంట్లో తెలుగు, గల్లాపెట్టె దగ్గర హిందీ, గిరాకీ మొహం చూసి దోర్లీయో గోండీయో. నాన్న నాలుగు భాషల్లో బేరమాడతాడు, నేను నాలుగు భాషల్లో పోట్లాడతానని అమ్మ అంటుంది. జగదల్‌పూర్‌లో కంప్యూటర్లు చదివి వచ్చాక కొట్లో కూర్చోవడం నా వల్ల కాలేదు. బజారు చివర ఒక ట్రస్టు వాళ్ళు నడిపే శిక్షణ కేంద్రంలో నెట్‌వర్కు చూసే పనిలో చేరాను. లోపల కంప్యూటర్ల ల్యాబు, దూరంగా ఉన్న డాక్టరుకు వీడియోలో చూపించుకునే గది ఉన్నాయి. బయట గోడకు ఒక వైఫై డబ్బా బిగించారు. దాన్ని దారిన పోయే ఎవరైనా డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు.

ఇంతమందికీ కలిపి వచ్చేది ఒకటే సన్నటి లైను. అది చాలక మధ్యలో ఒక ప్రాక్సీ సర్వరు పెట్టాం. ట్రాన్స్‌పరెంట్ ప్రాక్సీ అంటారు దాన్ని. ఫోన్ల నుంచీ కంప్యూటర్ల నుంచీ బయటికి పోయేదంతా దాని చేతుల మీదుగానే పోవాలి. ఒకరు తెరిచిన పాఠాన్ని తన దగ్గర దాచుకుని, తర్వాతివాళ్ళకు అక్కడి నుంచే ఇచ్చేస్తుంది. మధ్యలో ఇలాంటిదొకటి ఉందని వాడేవాళ్ళకు తెలియనే తెలియదు. బాగున్నన్నాళ్ళూ దాని ఊసు ఎవరూ ఎత్తరు. అది పడిపోతే మాత్రం నెట్టు పోయిందని అందరూ నా మీద పడతారు.

ఆ యేడు ఇప్పపూలు రాలడం మొదలైన దగ్గర్నుంచి అది సంత రోజున పడిపోవడం మొదలుపెట్టింది. మిగతా రోజుల్లో బుద్ధిగా ఉండేది. సంత రోజు పొద్దెక్కి, అడవిలోంచి జీపులు దిగి, చింతపండు గంపలూ ఇప్పపూల మూటలూ రోడ్డు పొడుగునా పరుచుకునే వేళకు ఉన్నట్టుండి చచ్చిపోయేది. తనంతట తానే లేచేది. లేచి కుదురుగా నిలబడకుండానే మళ్ళీ పడేది. విసుగొచ్చి నేను మొత్తం మెషీన్నే ఆపి మళ్ళీ వేసేదాన్ని. కాసేపు ఊపిరి పీల్చుకుని మళ్ళీ కుప్పకూలేది. సాయంత్రం సంత లేచిపోయాక ఏమీ ఎరగనట్టు నడిచేది.

ఎండ దెబ్బ అనుకుని పక్కన ఇంకో ఫ్యాను పెట్టాను. కరెంటు హెచ్చుతగ్గులనుకుని తీగలన్నీ చూసుకున్నాను. డిస్కు పాతదైందని కొత్తది వేశాను. పడే ముందు అది ప్రతిసారీ ఒకే మొర పెట్టుకునేది. ఇక తెరవడానికి తన దగ్గర తలుపుల్లేవు అని దాని అర్థం. ఫోను బయటికి ఏ పని మీద పోవాలన్నా సర్వరు దానికొక తలుపు తెరిచి, పనయ్యే దాకా పట్టుకుని ఉండాలి. ఒకేసారి ఎన్ని తెరవచ్చో దానికొక హద్దు ఉంటుంది. సరే కదా అని ఆ హద్దు పెంచాను. పెంచి, నా చేత్తో దాన్ని నడిపించి, ల్యాబులో ఉన్నవాళ్ళందరితో ఒకేసారి పాఠాలు తెరిపించాను. చెక్కుచెదరలేదు. మహా సంబరపడ్డాను. తీరా సంత నాడు మళ్ళీ పడింది. అప్పుడు నాకొచ్చిన కోపానికి ఆ పెట్టెను ఎత్తుకెళ్ళి శబరి ఏట్లో వెయ్యాలనిపించింది.

జగదల్‌పూర్‌లో ఉండే మా సారు ఫోను చేసి, ఇంకొక్క సంత చూడు, మళ్ళీ ఇలాగే అయితే బయటి వైఫైకి తాళం వేసెయ్ అన్నారు. సంతకొచ్చినవాళ్ళు గోడ పక్కన చేరి వీడియోలు చూస్తున్నారు, రోగం అదే అని ఆయన నమ్మకం. నేనూ అదే నమ్మాను.

ఆ చివరి సంత వచ్చింది. జనం పలచగా ఉన్నంతసేపూ సర్వరు నడిచింది. ఎర్రబోరు వైపు నుంచి జీపులు వచ్చిన కాసేపటికి పడింది. లేపాను, పడింది. మెషీను ఆపి మళ్ళీ వేశాను, పడింది. డాక్టరు గది ముందు ఒక బాలింత కూర్చుని ఉంది, లోపల వీడియో ఆగిపోయి నర్సు నా వైపు కోపంగా చూస్తోంది. ఇక నా వల్ల కాక, ఆ వీడియోల రాయుళ్ళెవరో నాలుగు దులిపేద్దామని చున్నీ నడుముకు బిగించి బయటికి నడిచాను.

గోడ పక్కన వీడియోలు చూసేవాళ్ళు ఒక్కరూ లేరు. వైఫై డబ్బా కింద నీడలో నడివయసు దోర్ల తెగ ఆడమనిషి ఒకామె గొంతుక్కూర్చుని ఉంది. ఆమె ముందు వెదురు గంప, దాని మీద తడిగుడ్డ. ఎండకు కూరాకు వాడకుండా కప్పిందనుకున్నాను. ఆమె గుడ్డ ఒక పక్కకు తీసింది. గంప నిండా ఫోన్లు. పగిలిన అద్దాలవి, రబ్బరు బ్యాండు చుట్టినవి, అట్టకు బదులు ప్లాస్టరు అంటించినవి. అన్నీ ఒక్కసారే వెలుగుతున్నాయి. ఆమె ఒక్కొక్క ఫోనే తీసి, విమానం బొమ్మ నొక్కి ఆపుతోంది. మళ్ళీ నొక్కి వేస్తోంది. గంపలో పెట్టి ఇంకోటి తీస్తోంది.

ఏం చేస్తున్నావక్కా అని నిలదీశాను. ఆమె తలెత్తి నన్ను చూసి, గోడ లోపలి మనిషినని పోల్చుకుంది.

"ఏంది చెల్లే, మీ నెట్టు ఊకూకె పడుకుంటున్నది? ఫోన్లను లేపి లేపి నా వేళ్ళు నొస్తున్నయ్," అంది.

గోడకు ఇటు కూర్చుని నేను సర్వరును లేపుతున్నాను, అటు కూర్చుని ఆమె ఫోన్లను లేపుతోంది. సర్వరు పడగానే ఆమె ఫోన్లన్నిటినీ ఆపి మళ్ళీ వేస్తుంది. అవన్నీ లేచి, సగంలో ఆగిన పనిని మొదటి నుంచీ మొదలుపెట్టి, ఒకేసారి నా సర్వరు మీద పడతాయి. అది చచ్చిపోతుంది. నేను లేపుతాను, ఆమె లేపుతుంది. ఇన్ని సంతలుగా మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూడకుండా ఒకరి పని ఒకరం చెడగొట్టుకుంటున్నాం. తిట్టడానికి వచ్చినదాన్ని ఆమె పక్కనే మట్టిలో కూలబడ్డాను.

ఆమె కథంతా అక్కడే చెప్పింది. ఎర్రబోరు దాటి చాలా లోపలికి నడవాల్సిన ఊరు వాళ్ళది. అక్కడ టవరు లేదు. సంతకొచ్చేవాళ్ళు ఎవరి ఫోను వాళ్ళు తెచ్చుకుని చూసుకోవడమే అలవాటు. కాలికి తగిలిన గొడ్డలి దెబ్బ చీము పట్టి ఆమె తమ్ముడిని జగదల్‌పూర్ తీసుకెళ్ళినప్పటి నుంచి మాత్రం ఊరంతా అతనితో మాట్లాడాలంది. ఇంటింటి ఫోనూ గంపలో వేసుకుని ఆమె వస్తోంది. దోర్లీ రాసుకునే అలవాటు వాళ్ళకు లేదు. ఎవరు చెప్పాలన్నా ఫోనులో మాట్లాడి రికార్డు చేసి పెడతారు. అవి ఇక్కడ, ఈ గోడ కింద, గాలిలోకి ఎక్కాలి.

కాలు తీసేస్తే తప్ప బతకడని డాక్టర్లు చెప్పారు. తమ్ముడు ఒప్పుకోలేదు. ఇంత పెద్ద సంగతి ఊరు కూర్చుని తేల్చాలి, ఊరి మాట వచ్చాకే ఏదైనా అన్నాడు. ఊరు కూర్చుంది. ఇద్దరు పెద్దలు వద్దన్నారు. కాలు లేని మనిషి అడవిలో ఏం బతుకుతాడన్నది వాళ్ళ బాధ. మిగతా ఊరంతా తియ్యమంది. ఎవరి మాట వాళ్ళ గొంతుతోనే పోవాలని ఎవరింటి ఫోనులో వాళ్ళు చెప్పారు. పోయిన సంతకు ఆమె గంప తెచ్చింది. పెద్దలిద్దరూ ముక్తసరిగా, కొయ్యనియ్యకు అని ఒక్క ముక్క అన్నారు. ఆ చిన్న మాటలు చటుక్కున వెళ్ళిపోయాయి. తియ్యమన్నవాళ్ళంతా ఎందుకు తియ్యాలో, తర్వాత అతన్ని ఎవరెలా చూసుకుంటారో వివరంగా చెప్పారు. ఆ పెద్ద మాటలన్నీ దారిలో ఉండగా నా సర్వరు పడిపోయింది. అతను విన్నవి ఆ రెండు మాటలే. ఊరు వద్దందని డాక్టర్లకు చెప్పేశాడు.

మధ్యలో ఒకటుందని ఎవరికీ తెలియని ఆ పెట్టె, ఏ మాట వెళ్ళాలో ఏది ఆగాలో తేల్చేసింది. తేల్చానని దానికీ తెలియదు.

ఇవాళ పొద్దున సంతకు రాగానే ఆమె, గంపలోని ఫోన్లలో డబ్బుల్లేక, ఎవరిదో ఫోను అడిగి తమ్ముడితో మాట్లాడిందట. మిగతావాళ్ళంతా తియ్యమన్నారని చెబితే, నువ్వు నా అక్కవు, నువ్వట్లనే అంటవు, ఊరి మాట ఊరి నోటి నుంచే రావాలె అన్నాడట. ఇవాళ సాయంత్రంలోగా ఒప్పుకోకపోతే విషం పైకి ఎక్కుతుంది, ఇక తమ చేతుల్లో ఉండదని డాక్టర్లు అతని భార్యతో చెప్పారు. అందుకే పెద్దల మాటలతో సహా అన్నీ మళ్ళీ మొదటి నుంచీ పంపుతోంది.

పోనీ ఒక్కొక్కటే పంపుదామక్కా, ఒకటి వెళ్ళాక ఇంకోటి అన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"ఊరంతా ఒక్కతాన కూసుండి అన్న మాట ఇది. సగం పోయి సగం ఆగితే అది ఊరి మాట గాదు చెల్లే. పోయిన సంతకు చూసినం గద."

నాకు కోపం రాలేదు. నిజానికి ఆ మాటకు ఎదురు చెప్పే అర్హత ఎవరికి ఉన్నా నాకు మాత్రం లేదు. ఏది పెద్దగా ఉందో చూద్దామని ఫోన్లు ఒక్కొక్కటే తీసి చూశాను. ఒక ఫోనులో మాట మిగతావాటన్నిటికంటే ఎన్నో రెట్లు పొడుగుంది. ఎప్పుడూ తలుపు పట్టుకుని వేలాడేది అదే అయ్యుంటుంది. ఇదెవరిది అంటే, మా అమ్మది అంది. వింటావా అని తనే నొక్కి నా చెవి దగ్గర పెట్టింది.

మాట లేదు. ఎంతసేపు విన్నా మాట లేదు. దూరంగా ఒక కోడి కూసింది. ఎండాకుల మీద ఏదో మెత్తగా పడింది. మళ్ళీ పడింది. ఒకటి దగ్గరగా, ఒకటి దూరంగా. వేళ్ళు ఆకులను కదిపే చప్పుడు, గంపలో ఏదో వేసిన చప్పుడు, ముసలి ఊపిరి. ఇప్పపూలు రాలుతున్నాయి. తెల్లవారుజామున చెట్టు కింద ఒక తల్లి పూలు ఏరుకుంటోంది.

"కొయ్యమని తల్లి నోటితో ఎట్లంటది? వద్దంటే కొడుకు పాయె," అంది ఆమె. "అందుకే ఏమనలే. పెద్ద కోడలితో ఫోను నొక్కించి చెట్టు కింద పెట్టించింది. నా మాట ఇదే, పంపుండ్రి అన్నది. ఊరు సరేనన్నది."

అంతవరకూ సర్వరులోంచి ఏం పోతుందంటే డేటా అని చెప్పేదాన్ని. ఆ మధ్యాహ్నం ఆ మాట నా నోటికి రాలేదు. ఇన్ని సంతలుగా నేను ఫ్యాన్లు పెట్టి, తీగలు లాగి, తిట్టుకుంటూ లేపిన ఆ పెట్టె ముందు ఒక చెట్టూ ఒక తెల్లవారుజామూ లోపలికి పోవడానికి నిలబడి ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూ కూర్చుంటే పని కాదు కాబట్టి లేచాను.

ఆమె చేతిలో ఫోను మళ్ళీ లేస్తోంది. లేచిన ప్రతిసారీ పాత పనంతా మరిచిపోయి మొదటికొస్తోంది. దాన్ని చూస్తుండగా నా బుర్రలో ఏదో తట్టింది. నా సర్వరు లేచినప్పుడు ఏం మరిచిపోతోంది? పరీక్ష చేసిన రోజు దాన్ని నా చేత్తో నడిపించాను. మామూలు రోజుల్లో మెషీను వేయగానే తనంతట తానే లేస్తుంది, పడిపోయినా తనంతట తానే లేస్తుంది. అలా లేచేటప్పుడు అది చదువుకునే సెట్టింగు వేరే చోట ఉంటుంది. అక్కడ నేను వేలు పెట్టనే లేదు. నేను పెంచిన హద్దు నా చేత్తో నడిపినప్పుడే పనిచేసింది. తనంతట తాను లేచిన ప్రతిసారీ పాత హద్దుతోనే లేచింది. సంత నాడు నేను మెషీను ఆపి మళ్ళీ వేసిన ప్రతిసారీ దానికి ఆ పాత ఇరుకునే మళ్ళీ గుర్తు చేశానన్నమాట.

నేను వచ్చి చెప్పే దాకా ఏ ఫోనూ ముట్టుకోవద్దని అక్కను బతిమాలాను. లోపలికి పరిగెత్తాను. ల్యాబులో ఉన్నవాళ్ళను కంప్యూటర్లు ఆపి టీ తాగి రమ్మన్నాను, ఎందుకని అడిగినవాళ్ళకు ఆసుపత్రి పని అని చెప్పాను. నర్సుకు రెండు ముక్కల్లో సంగతి చెప్పాను. బాలింతను కాసేపు ఆగమని ఆమే బుజ్జగించింది. సర్వరు తనంతట తాను లేచేటప్పుడు చదివే చోట కొత్త హద్దు రాశాను. ఒక్క ఫోనే తలుపులన్నీ పట్టుకుని కూర్చోకుండా ఫోనుకు ఇన్ని అని కట్టడి పెట్టాను. దారిలో వచ్చేవి తన డిస్కులో దాచుకునే పని కాసేపు మానిపించాను. మెషీను ఆపి, వేసి, దానంతట దాన్నే లేవనిచ్చాను. హద్దు ఎంతుందో అడిగాను. కొత్తదే చెప్పింది.

బయటికొచ్చి, అక్కా, ఇప్పుడు లేపు, ఒక్కసారే లేపు, మళ్ళీ ముట్టుకోవద్దు అన్నాను. నేనూ మళ్ళీ ముట్టుకోనని మనసులో ఒట్టు పెట్టుకున్నాను. ఆమె ఫోన్లన్నీ లేపి గంపలో పెట్టి తడిగుడ్డ కప్పింది. ఇద్దరం గోడకు వీపు ఆనించి కూర్చున్నాం.

చేతులు ముడుచుకుని కూర్చోవడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. నా కాళ్ళు లోపలికి పరిగెత్తుతామంటున్నాయి. ఆమె వేళ్ళు గుడ్డ అంచు దాకా వెళ్ళి ఆగుతున్నాయి. సంతలో కోళ్ళ బేరాలు సాగుతున్నాయి, జీపు డ్రైవర్లు ఎర్రబోరు, ఎర్రబోరు అని కేకలేస్తున్నారు. గోడ లోపల నుంచి ఫ్యాను చప్పుడు సన్నగా వినిపిస్తోంది. ఆగలేదు. ఆమె ఒకసారి గుడ్డ తీసి చూసింది. పెద్దల మాటలు పోయాయి. వాటి వెనక పెద్ద కోడలిది, వడ్డె అనే ఊరి పూజారిది, పక్కింటివాళ్ళవి కూడా పోయాయి. మిగతావి కదులుతున్నాయి. చివరికి ఒక్క ఫోనులోనే గుండ్రటి గీత తిరుగుతూ మిగిలింది. అది నిండుతూ నిండుతూ నిండింది. తల్లి పూలు ఏరిన తెల్లవారుజామంతా నా పెట్టెలోంచి దాటి జగదల్‌పూర్ చేరింది. దాన్ని పట్టుకున్నట్టు గానీ వదిలినట్టు గానీ ఏ గుర్తూ ఆ పెట్టెలో మిగలలేదు. నేను చదివిన చదువులో ఇంత అబ్బురమైన సంగతి ఉందని ఎవరూ నాకు చెప్పలేదు.

తర్వాత ఎదురుచూశాం. అన్నీ వినాలంటే అతనికి సమయం పడుతుంది కదా. అక్క నాకు అంబలి, ఎర్రచీమలతో నూరిన చాపడా చట్నీ ఇచ్చింది, ఆ కారానికి ముక్కు కారుతుంటే నవ్వింది. అది తిని గిన్నె కడిగేసరికి గంపలో ఫోన్లన్నీ ఒక్కసారే మోగాయి. తడిగుడ్డ కింద ఒకటే గలగల. అతను ఒకే జవాబును అందరిళ్ళకూ పంపాడు.

అక్క తల్లి ఫోను తీసి నొక్కింది. సన్నటి గొంతు, ఆయాసంతో ఆగి ఆగి వచ్చింది. దోర్లీలోనే, నాకు అర్థమయ్యేంత మెల్లగా.

"అందరి మాటా విన్న. పెద్దోళ్ళ మాటా విన్న. కాలు తియ్యమని చెప్పిన. అమ్మా, పుట్ట పక్క కొమ్మ బాగా రాలుస్తున్నది, నీకు చెవులు వినపడవు గద, నువ్వు ఇవతలే ఏరుతున్నవ్. అటు పోయి ఏరు."

అక్క ఆ ఫోనును రెండు చేతులతో పట్టుకుని గుండెకు అదుముకుంది. మళ్ళీ ఒకసారి పెట్టమన్నాను. పెట్టింది.